స్వెట్టర్ పై గుండీ

హెడ్విగ్ మీద కక్ష తీర్చుకోవడానికి ఒడ్నీకి రెండేళ్లు పట్టింది. అందులో మొదటి ఏడాది పళ్లు కొరుక్కోవడానికే సరిపోయింది.

జరిగింది చిన్న సంగతే. అయితే ఒడ్నీ ఎదుట ఎవరైనా చిన్న సంగతి అన్నారో, ఆ పూట వాళ్లకి ఆవిడ చేతి కాఫీ దక్కేది కాదు. సముద్రపు పాయ ఒడ్డున ఉన్న ఆ పిల్లల బడిలో ఆవిడ పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. మాట రాని, పిలిస్తే పలకని, ఎదుటి మనిషి కేసి చూడని పసివాళ్ల పక్కన కూర్చుని ఒక్కో పనినీ చిన్న చిన్న ముక్కలు చేసి నేర్పడం ఆవిడ ఉద్యోగం. అడగాలి. మూడు క్షణాలు ఆగాలి. రాకపోతే దారి చూపించాలి. వస్తే ఆ క్షణంలోనే పిల్లకి ప్రాణమైనదేదో చేతిలో పెట్టాలి. వచ్చిన ప్రతిసారీ కాగితం మీద కూడిక గుర్తు, రాకపోతే తీసివేత గుర్తు. రోజుకి రెండు వందల సార్లు. ఓపిక లేనివాళ్లు వారం తిరక్కుండా పారిపోయే పని అది.

హెడ్విగ్ మున్సిపాలిటీ తరఫున నాలుగు బడుల్లో ఈ పనిని పర్యవేక్షించే మనిషి. వయసు ముప్పై ఆరు. ఒడ్నీ కంటే పద్దెనిమిదేళ్లు చిన్నది, పద్దెనిమిది రెట్లు ఎక్కువ చదువుకుంది. రెండేళ్ల కిందట, ఒడ్నీ దగ్గర యూస్టైన్ అనే అయిదేళ్ల కుర్రాడు రంగులు నేర్చుకుంటున్నప్పుడు, ఒక వీడియో తీసుకెళ్లి సోమవారం మీటింగులో గోడ మీద వేసింది. తొమ్మిది సార్లు ఆపింది.

"చూడండి. ఇక్కడ. ఎర్రది ఏదీ అని అడుగుతోంది, అడుగుతూనే ఎర్ర కార్డు కేసి చూస్తోంది. వాడు కార్డు చూడట్లేదు, ఒడ్నీ కళ్లు చూస్తున్నాడు. వాడికి రంగులు రావు. ఒడ్నీకి వచ్చు."

అందరూ నవ్వారు. బడి పెద్ద స్టైనార్ కూడా గడ్డం వెనక నవ్వాడు. వారం తిరగకుండా యూస్టైన్‌ని వేరే మనిషికి అప్పగించేశారు. ఆ తర్వాత బడిలో ఎవరి తాళాలు పోయినా, "ఒడ్నీ, నువ్వొకసారి అటూ ఇటూ చూడు, ఎక్కడున్నాయో మాకు తెలిసిపోద్ది" అనడం మామూలైపోయింది.

హెడ్విగ్ చెప్పింది అబద్ధమైతే ఒడ్నీ ఎప్పుడో మరిచిపోయేది. అది నిజం. ఇంటికెళ్లి అద్దం ముందు నిలబడి తన కళ్లు తానే చూసుకుని, అది నిజమని తెలుసుకుని, అప్పుడు ఏడ్చింది. తప్పు చూపించినందుకు కాదు. ఎనిమిది మంది ముందు తొమ్మిది సార్లు ఆపి చూపించినందుకు. పక్కకి పిలిచి ఒక్క మాట చెబితే దాని నోరు అరిగిపోయేదా?

కిందటేడు సెప్టెంబరులో రూనా వచ్చింది. నాలుగేళ్లు దాటిన పిల్ల. తెల్లటి కనుబొమలు, ఒక్క మాట లేదు. ఏది కావాలన్నా గోడకి తల కొట్టుకోవడం, లేదా మణికట్టు కొరుక్కోవడం. జామ్ సీసా రేకు మూత ఒకటి ఇస్తే మాత్రం నేల మీద గిరగిరా తిప్పుకుంటూ గంటలకొద్దీ కూర్చునేది. వాళ్లమ్మ యోరున్ చేపల కార్ఖానాలో పనిచేస్తుంది. మొదటి రోజే బూట్లు విప్పుకుంటూ, నేల చూపులు చూస్తూ అడిగింది.

"నాకు పాటలూ పద్యాలూ ఏమీ వద్దు. అది ఏదైనా ఇబ్బందిలో ఉంటే నోరు తెరిచి చెప్పాలి. అంతే. ఆ ఒక్కటీ వస్తుందా?"

"వస్తుంది," అంది ఒడ్నీ.

హెడ్విగ్ ఏర్పాటు చేసిన పద్ధతి ఇది. గట్టి మూత ఉన్న అద్దంలాంటి డబ్బాలో రేకు మూత పెట్టి రూనా చేతికివ్వాలి. కనిపిస్తుంది కానీ అందదు. అప్పుడు పిల్ల 'సాయం' అనాలి. అంటే డబ్బా తెరుచుకుంటుంది. నేర్పేవాళ్లు ఎప్పుడూ ఇద్దరుండాలి, మార్చి మార్చి కూర్చోవాలి. ఒక్కరి దగ్గరే నేర్చుకున్న మాట ఆ ఒక్కరి దగ్గరే పలుకుతుంది. ఈ పనిలో ఉన్నవాళ్లకి మొదటి రోజు చెప్పే పాఠం అది. రెండో మనిషి మారిత్, నిరుడు చేరిన అమ్మాయి.

రూనా ఆ మాట మొదటిసారి అన్నది అక్టోబరు చివర్లో. ఒడ్నీ డబ్బా ఇచ్చి, ఆగుతూ, ఏమీ తోచక స్వెట్టర్ మెడ దగ్గరి పై గుండీని బొటనవేలితో రుద్దుకుంది. పిల్ల వేలు కేసి చూసింది. "సాయం," అంది. మళ్లీ ఇస్తే, ఒడ్నీ చెయ్యి ఒళ్లో ఉంది, పిల్ల నోరు విప్పలేదు. చెయ్యి గుండీ మీదికి వెళ్లింది. "సాయం."

ఎవరైనా అయితే ఆ క్షణంలోనే స్వెట్టర్ విప్పి అవతల పారేసేవాళ్లు. పిల్ల తప్పు దారి పట్టిందని ఒడ్నీకి తెలియక కాదు. తొమ్మిది సార్లు ఆపి మరీ నేర్పించిన పాఠం కదా. పిల్ల కళ్లలోకి చూస్తూ కూర్చున్న ఆవిడకి ఒక్కసారిగా ఒళ్లంతా వెచ్చబడింది. ఫిబ్రవరిలో మున్సిపాలిటీ వాళ్లొస్తారు. వారానికి ఇరవై గంటలు ఇలా ఒక్క పిల్ల మీద పెట్టడం కొనసాగించాలా వద్దా తేల్చడానికి. ఆనవాయితీ ప్రకారం వాళ్ల ముందు కూర్చుని చేసి చూపించాల్సింది పర్యవేక్షకురాలు. గుండీ సంగతి తెలియని మనిషి.

"రా తల్లీ హెడ్విగ్, రా," అనుకుంది ఒడ్నీ. కాగితం మీద కూడిక గుర్తు పెట్టింది.

ఆ రోజు నుంచి ఆ స్వెట్టర్ తప్ప వేరేది తొడగలేదు. మారిత్ డబ్బా పట్టుకొస్తే, "నీకెందుకమ్మా ఈ గొడవ, నువ్వు పిల్లల రొట్టెలకి వెన్న రాయి, ఇది నేను చూసుకుంటాలే," అని పంపేసింది. కాగితంలో మారిత్ వరస కూడా తనే నింపింది. ఆ చలికాలమంతా గాలివాన. పాయ దాటించే ఫెర్రీ పడవ రెండు రోజులకోసారి ఆగిపోతుంటే హెడ్విగ్ రాలేక వీడియోలు పంపమంది. పంపింది ఒడ్నీ, ఎంచక్కా పంపింది, యోరున్‌కి కూడా పంపింది. మాట పలికే నోరు కనబడాలి కాబట్టి ఈసారి కెమెరా పిల్ల మొహం మీదే ఉండాలి, నేర్పేవాళ్ల మీద కాదు అని నియమం పెట్టింది హెడ్విగే. వీడియోలో రూనా తెల్లటి కనుబొమలు, డబ్బా, తర్వాత చక్కటి 'సాయం'. హెడ్విగ్ జవాబు రాసేది: "అద్భుతం ఒడ్నీ! నిజంగా చాలా బాగుంది." అది చదివినప్పుడల్లా ఒడ్నీ గోధుమరంగు చీజ్ ఇంకో పలక కోసుకుని తినేది. కసికి ఆకలెక్కువ.

పిల్లకి అన్యాయం జరుగుతోందని తోచలేదా అంటే, తోచింది. ఫిబ్రవరి అయిపోనీ, ఒక్క నెలలో సరిచేసేస్తాను అని సర్దిచెప్పుకుంది.

ఫిబ్రవరి పదిహేడున మున్సిపాలిటీ నుంచి ఇద్దరు ఆడవాళ్లు, ఒక మగమనిషి వచ్చారు. బూట్లు గుమ్మంలో వదిలి, ఉన్ని మేజోళ్లతో వచ్చి చిన్నపిల్లల కుర్చీల్లో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. హెడ్విగ్ రూనా ఎదురుగా కూర్చుంది. గుండ్రటి మెడ ఉన్న నీలం స్వెట్టర్. ఒడ్నీ గోడకి ఆనుకుని నిలబడింది.

డబ్బా ఇచ్చారు. రూనా మూత లాగింది, రాలేదు. హెడ్విగ్ మెడ కింద చూసింది. ఒకసారి, ఇంకోసారి, పోగొట్టుకున్నదేదో వెతుక్కున్నట్టు చూసింది. మూడు క్షణాలు. పది క్షణాలు. హెడ్విగ్ నవ్వుతూ ఇంకోసారి మొదలుపెట్టింది. అదే వరస. మూడోసారికి పిల్ల మణికట్టు కొరుక్కుని కీచుమంది. ఆ మగమనిషి గడియారం చూసుకున్నాడు. హెడ్విగ్ చెవులు ఎర్రబడ్డాయి. ఒడ్నీ ఆ చెవుల్నే చూస్తూ నిలబడింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

"నేను కూర్చోనా?" అంది, వెన్నలాంటి గొంతుతో.

కూర్చుంది. డబ్బా ఇచ్చింది. బొటనవేలు గుండీ మీదికి వెళ్లింది.

"సాయం," అంది రూనా.

మూడుసార్లు అడిగితే మూడుసార్లూ అంది. ఆడవాళ్లిద్దరూ చప్పట్లు కొట్టారు. స్టైనార్ గడ్డం నిమురుకుంటూ, "మా ఒడ్నీ పంతొమ్మిదేళ్ల అనుభవం మరి," అన్నాడు. రెండేళ్ల కిందట నవ్విన గడ్డమే అది.

హెడ్విగ్ తన కాగితాలు సర్దుకుంది. ఒడ్నీ కేసి చాలాసేపు చూసింది. తర్వాత గుమ్మం దగ్గర కోటు తొడుక్కుంటుంటే ఒడ్నీ వెనకాలే వెళ్లింది. ఈ మాట కోసం రెండేళ్లు ఆగింది, మింగేయగలదా?

"ఏం హెడ్విగ్, సోమవారం మీటింగులో ఈ వీడియో కూడా వేద్దామా? నువ్వు చెప్పు, ఎక్కడెక్కడ ఆపమంటావో."

హెడ్విగ్ కోటు జిప్పు పైదాకా లాక్కుంది. "ఈ నెలలోపు మారిత్ దగ్గర కూడా అనిపించు. అందరి దగ్గరా అనిపించు. ఆలస్యం చెయ్యకు."

"అయ్యో, ఓడిపోయినా పాఠాలు మానలేదే!"

హెడ్విగ్ వెళ్లిపోయింది. పది రోజుల్లో ఉత్తరం వచ్చింది. రూనాకి ఇరవై గంటలూ అలాగే ఉంటాయి. ఈ బడికి మాత్రం హెడ్విగ్ పర్యవేక్షణ అక్కర్లేదు, ఇక్కడి పని ఒడ్నీ నడిపిస్తుంది. ఆ సాయంత్రం ఒడ్నీ అట్లు పోసుకుని, ఎర్ర జామూ నల్ల జామూ రెండూ రాసుకుని, ఒక్కతే కూర్చుని ఆరు తింది. యూస్టైన్‌ని తన దగ్గర్నుంచి తీసేసుకున్నాక అంత తృప్తిగా తిన్నది లేదు.

ఇక సరిచెయ్యాలి. సోమవారం నుంచి అనుకుంది. సోమవారం స్టైనార్ ఇద్దరు కొత్త కుర్రాళ్ల కాగితాలు తెచ్చి, "ఇప్పుడు నువ్వే కదా పెద్ద," అన్నాడు. పై వారం ఇంకేదో. నిజం చెప్పాలంటే, తను తప్ప ఎవరడిగినా నోరు విప్పని పిల్ల తన గుండీ చూసి నోరు విప్పడం ఆవిడకి ముద్దుగా ఉంది. ఆ ముద్దు వదులుకోవాలని లేదు.

మార్చి రెండో బుధవారం ఒడ్నీ పన్ను పీకించుకుని ఇంట్లో ఉంది. బుధవారం పిల్లలందర్నీ అడవికి తీసుకెళ్లే రోజు. మంచు పడినా వాన పడినా అది ఆగదు. సాయంత్రం ఆరింటికి మారిత్ ఫోన్ చేసింది. ఏడుస్తోంది.

వాగు అంచున మంచు పెళ్ల విరిగి రూనా ఎడమ కాలు మోకాలిదాకా నీళ్లలో పడింది. ఎవరూ చూడలేదు. పైన వేసుకున్న రబ్బరు తొడుగు తడి కనబడనివ్వలేదు. బూటు నిండా మంచునీళ్లతో పిల్ల రెండు గంటలు నడిచింది. ఇంటికి తీసుకెళ్లడానికి యోరున్ వచ్చి బూటు లాగితే పాదం తెల్లగా పింగాణీలా ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్లారు.

"నా దగ్గరికొచ్చింది ఒడ్నీ! నాలుగు సార్లొచ్చింది. వచ్చి ఎదురుగా నిలబడి నా గుండెల కేసే చూసింది. కోటు జిప్పు కేసి. నాకేం తెలుసు? జిప్పుతో ఆడుకుంటుందేమోనని దాని వేళ్లకి అందించాను. అది జిప్పు పట్టుకుని ఊరికే నిలబడిపోయింది. 'సాయం' అనడం వచ్చు కదా దానికి, కాగితం నిండా కూడికలే కదా, మరి నాతో ఎందుకనలేదు?"

ఒడ్నీ ఫోన్ పెట్టేసింది. పన్ను పీకిన చోట మళ్లీ రక్తం ఊరితే మింగింది.

పాదం దక్కింది. రెండు వేళ్ల చర్మం బొబ్బలెక్కి ఊడిపోయింది, గోళ్లు పోయాయి. డాక్టరు అదృష్టమన్నాడు. ఫోన్ వచ్చిన మర్నాడు ఉదయం ఒడ్నీ మొదటి ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డున మున్సిపాలిటీ ఆఫీసుకి వెళ్లింది. హెడ్విగ్ బల్ల ముందు కోటు కూడా విప్పకుండా నిలబడింది.

"నేనొకటి చెప్పాలి. ఆ పిల్లకి..."

"గుండీ," అంది హెడ్విగ్.

ఒడ్నీ చెయ్యి దానంతటదే కోటు మెడ దగ్గరికి వెళ్లింది.

"నువ్వు కూర్చున్నావు చూడు, మొదటిసారే కనబడింది. మూడోసారికి అనుమానం లేకుండా పోయింది."

"మరి... అక్కడే అనొచ్చు కదా! వాళ్ల ముందే! నన్ను ఇంకోసారి..."

"అంటే ఏమవుతుంది? ఆరు నెలల్లో ఈ పిల్ల ఏమీ నేర్చుకోలేదని రాసుకుని పోతారు. ఇరవై గంటలు అయిదవుతాయి. రూనా గంటలు పోకూడదని నోరు మూసుకున్నాను. నీ కోసం కాదు."

రెండేళ్లు మోసిన కసి, ఆరు అట్లు తిన్న గెలుపు, అంతా ఆ ఒక్క మాటతో పోయింది. గెలవనేలేదు. ఎదుటిది చెయ్యి వదిలేస్తే తాడు తన మీద పడింది, అంతే. సిగ్గుపడాల్సిన చోట ఒడ్నీకి ముందు వచ్చింది కోపమే.

"మంచిదానివే! మరి తెలిసి కూడా నెల్లాళ్లు ఇక్కడ కూర్చున్నావే?"

హెడ్విగ్ మొహం పాలిపోయింది. "ఫోన్ చేస్తావనుకున్నాను. నువ్వే చెయ్యాలి అని భీష్మించుకుని కూర్చున్నాను. ఆ కాలి బొబ్బల్లో నా వాటా కూడా ఉంది. పద, వాళ్లమ్మకి చెబుదాం."

ఆసుపత్రి నడవాలో ఒడ్నీయే చెప్పింది. అక్టోబరు నుంచీ ఉన్నదంతా, యూస్టైన్ సంగతితో సహా, దాచకుండా చెప్పింది. యోరున్ అరవలేదు. చేపలు కోసి కోసి పగిలిన వేళ్లు ఒకదానిలో ఒకటి దూర్చి విన్నది.

"నాకు వీడియోలు పంపేదానివి," అంది చివరికి. "రాత్రీ పగలూ అవే చూసుకునేదాన్ని. ఇంట్లో ఎన్ని డబ్బాలు దాని చేతికిచ్చానో నీకు తెలుసా? నాతో అనట్లేదంటే నాలోనే లోపం ఉందనుకున్నాను. దాని తల్లిని నేను, నాతో అనదేం అని."

"యోరున్, నేను..."

"ఊరుకో. స్టైనార్‌తో చెప్పి నిన్ను ఈ క్షణమే తీసేయించగలను. తీసేయించను. అది నీ గుండీ కోసం వెతుక్కుంటుంది, నువ్వు లేకపోతే ఇంకా వెతుక్కుంటుంది. నువ్వు ఆ గదిలోనే కూర్చో. నువ్వు కట్టింది నువ్వే విప్పు. నీ సైగ లేకుండా అది నాతో మూడుసార్లు ఆ మాట అన్న రోజున లేచి వెళ్లిపో. మళ్లీ నా పిల్ల పక్కన కనబడకు."

హెడ్విగ్ ఏదో అనబోయింది. ఆలోపే ఒడ్నీ సరేనని తల ఊపింది.

రూనా కట్టుతో బడికొచ్చింది. ఒడ్నీ గుండీలు లేని స్వెట్టర్ కొనుక్కుని తొడుక్కుంది. బల్ల దగ్గర ఒక రోజు హెడ్విగ్, ఒక రోజు మారిత్, పని లేని పూట యోరున్. ఒడ్నీ పక్కనే కూర్చుని కాగితం రాసేది. పిల్ల డబ్బా పట్టుకుని ముందు ఒడ్నీ మెడ కేసి చూసేది. అక్కడేమీ లేదు. అప్పుడు మణికట్టు కొరుక్కునేది. మొదటి రోజు తీసివేతలే. రెండో రోజూ అంతే. నాలుగో రోజు పిల్ల కుర్చీ దిగి వచ్చి, ఒడ్నీ బొటనవేలు పట్టుకుని, పైకెత్తి, గుండీ ఉండాల్సిన చోట తనే ఆనించింది. ఒడ్నీ ఆ చేతిని కిందికి దించి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ఏడుపొచ్చింది. ఏడవడం కూడా పిల్లకి సైగ అవుతుందని హెడ్విగ్ అంటే, బయటికెళ్లి ఏడ్చి వచ్చింది.

తొమ్మిదో రోజు మారిత్‌తో ఒకసారి అంది. పదో రోజు హెడ్విగ్‌తో రెండుసార్లు. నవ్వుతూ రేకు మూత అందిస్తున్న హెడ్విగ్‌ని చూస్తే ఒడ్నీకి పాత కసి మళ్లీ రగిలింది. ఆ పూట ఇంకో ఆలోచన కూడా వచ్చింది. ఒక్కసారి, ఎవరూ చూడకుండా, బొటనవేలు మెడ మీదికి పోనిస్తే చాలు. పిల్ల మళ్లీ తనదవుతుంది. ఇంకో నెల ఈ గదిలో ఉండొచ్చు. ఆ ఆలోచనకి ఒడ్నీ తనకి తానే భయపడింది.

పన్నెండో రోజు యోరున్ కార్ఖానా నుంచి సెలవు పెట్టి వచ్చింది. జుట్టు ఇంకా తడిగానే ఉంది. డబ్బా ఇచ్చింది. రూనా మూత లాగింది. తల్లి మెడ కేసి చూసింది, ఒడ్నీ కేసి చూసింది. ఒడ్నీ తొడల కింది చేతులు తిమ్మిరెక్కాయి. పిల్ల మళ్లీ తల్లి కేసి తిరిగి, ఈసారి మెడ కాదు, మొహం చూసింది.

"సాయం."

యోరున్‌కి మూత ఒక పట్టాన రాలేదు. ఒడ్నీ చెయ్యి బయటికి తీసి కూడిక గుర్తు పెట్టింది.

"ఇంకోసారి," అంది హెడ్విగ్ మెల్లగా.

రెండోసారి అంది. మూడోసారి మూత లాగకుండానే, డబ్బా తల్లి ఒళ్లోకి తోసి మరీ అంది. యోరున్ పిల్ల జుట్టులో మొహం పెట్టుకుని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా ఉంది. ఒడ్నీకి సంతోషమే. నిజంగా సంతోషమే, కానీ దాన్ని చెప్పుకోవడానికి ఆ గదిలో తనకి ఎవరూ లేరు.

మూడో గుర్తు పెట్టి, కాగితం హెడ్విగ్ ముందుకి జరిపి లేచింది. రూనా రేకు మూత నేల మీద తిప్పుకుంటోంది. యోరున్ తల ఎత్తలేదు.